సూరత్ చుట్టుపక్కల వరకే

ఆ ఏడాది మా కారు ఎక్కువగా నిలబడే ఉంది. సూరత్ పక్కన సచిన్ అనే ఊళ్ళో నేను సూపర్‌వైజర్‌గా పనిచేసే బట్టల మిల్లు లాక్‌డౌన్‌లో మూతపడింది, తెరిచింది, తర్వాత సగం మగ్గాలతో నడిచింది. నేను బైకు మీదే పోయి వచ్చేవాణ్ణి. వారానికోసారి కిందికి దిగి, కారు స్టార్ట్ చేసి, పది నిమిషాలు అందులో కూర్చుని, బంద్ చేసి పైకి వచ్చేవాణ్ణి. ఆ పది నిమిషాలు ఏం ఆలోచించేవాణ్ణో గుర్తు లేదు. ఏమీ ఆలోచించేవాణ్ణి కాదనుకుంటా.

ఇన్సూరెన్స్ రెన్యువల్ కోసం ఏజెంటు ఫోన్ చేశాడు. గుజరాతీ మనిషి, మర్యాదస్తుడు. దారిలో బండి ఆగిపోతే మెకానిక్‌ను పంపించే స్కీము కూడా తీసుకోమన్నాడు. అందులో రెండు రకాలు. ఒకటి సూరత్‌కూ చుట్టుపక్కలకూ మాత్రమే. రెండోది దేశమంతా పనిచేస్తుంది, బండి బాగుకాకపోతే మనం పోవాల్సిన చోటికి ట్యాక్సీ కూడా ఇస్తారు.

నా భార్య వంటింట్లోంచి వింటోంది. ఆమె తమ్ముడు ముంబయి దగ్గర భివండిలో మగ్గాల మీద పనిచేసేవాడు. పుట్టింటి వైపు ఆమెకు మిగిలింది అతనొక్కడే. మేం కారు కొన్నదే అక్కడికి పోయి రావడానికి.

"దేశమంతా ఉన్నదే తీస్కోరాదయ్యా. మనం పోయేదే భివండికి. సూరత్‌ల ఆగితే నెట్టుకుంట ఇంటికొస్తం, ఆడ ఎవడు నెడ్తడు?"

ఏజెంటు చెవిలో మాట్లాడుతున్నాడు, ఆమె వెనక నుంచి మాట్లాడుతోంది.

"నీకు జాకీ పెట్టుడు గూడ రాకపాయె," అని నవ్వింది.

నేను వెనక్కి తిరిగి "చాలే" అని కసిరాను. నోరుమూసుకో అనడానికి బదులు ఆ మాట వాడడం నాకు పెళ్ళయినప్పటి నుంచీ అలవాటు.

సరిగ్గా అప్పుడే ఏజెంటు "సాహెబ్, సూరత్ వాలా చాలే?" అని అడిగి ఉన్నాడు. గుజరాతీలో ఆ మాటకు నడుస్తుంది, సరిపోతుంది అని అర్థం. పదిహేనేళ్ళుగా సూరత్‌లో ఉన్నవాణ్ణి, మిల్లులో రోజూ వినే మాట, నేనూ అనే మాట. నా కసురునే జవాబనుకుని అతను "ఓకే సాహెబ్" అని పెట్టేశాడు.

ఇంతవరకే అయితే పొరపాటు అనుకోవచ్చు. సాయంత్రం మెసేజి వచ్చింది. సిటీ ప్లాన్ అని స్పష్టంగా ఉంది. చదివాను. ఒక్క ఫోన్ చేస్తే మారేది. కానీ ఇల్లు చిన్నది, ఫోన్ చేస్తే ఆమెకు వినబడుతుంది, చివరికి ఆమె చెప్పినట్టే చేసినవాణ్ణవుతాను. రేపు మిల్లు నుంచి చేద్దాం అనుకున్నాను. చేయలేదు.

రెండోసారి కరోనా విజృంభించినప్పుడు తమ్ముడు ఆసుపత్రిలో పడ్డాడు. ఒక పొద్దున అతని భార్య ఫోన్ చేసింది. అతణ్ణి నాలుగు గంటలకు ముంబయిలోని పెద్దాసుపత్రికి మారుస్తున్నారట. లోపలికి ఎవరినీ రానివ్వరు, కానీ అంబులెన్స్ ఎక్కించేటప్పుడు గేటు దగ్గర నిలబడి చూడనిస్తారట. అప్పటికే రెండు రోజుల కిందట మేం టెస్టులు చేయించుకుని రిపోర్టులు పెట్టుకుని ఉన్నాం. వెంటనే బయల్దేరాం.

గుజరాత్ సరిహద్దు దాటి తలాసరి దగ్గరికి వచ్చేసరికి క్లచ్ కాలిన వాసన వచ్చింది. పక్కకు తీశాను. పదకొండున్నర అయింది. గేరు వేస్తే ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం కదలడం లేదు. స్కీము నంబరుకు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి పాలసీ వివరాలు చూసి, "మీది సూరత్ చుట్టుపక్కల వరకే సర్, తలాసరి అందులో రాదు," అని హిందీలో చెప్పింది.

"ఏమంటుంది?" అని అడిగింది నా భార్య.

"మనుషులు లేరంట. కరోనా గద."

ఆ రోజుల్లో ఆ మాట చెబితే ఎవరూ రెండో ప్రశ్న అడిగేవాళ్ళు కాదు. ఆమె కూడా అడగలేదు. మాస్కు ముక్కు మీదికి లాక్కుని రోడ్డు అంచుకు వెళ్ళి చెయ్యెత్తి నిలబడింది. కార్లు కొంచెం పక్కకు జరిగి మరీ వెళ్ళిపోయాయి. ఎవరి భయం వాళ్ళది. నేను ఆమె వెనక నిలబడి ఆమె చెయ్యినే చూస్తూ ఉన్నాను. నాకు బాధ కూడా కలగలేదు. మిల్లులో శబ్దానికి చెవులు మొద్దుబారినట్టు లోపల ఏదో మొద్దుబారింది.

మూడు దాటాక ఒక చీరల టెంపో ఆగింది. భివండి చేరేసరికి ఆరయింది. గేటు దగ్గర తమ్ముడి భార్య ఒక్కతే కూర్చుని ఉంది.

"నువ్వొస్తున్నవని చెప్పిన వదినా. ఎక్కించేదాంక గేటు దిక్కే చూసిండు."

మూడో రోజు అతను పోయాడు. ముఖం కూడా చూపించలేదు.

ఆ తర్వాత ఎవరు అడిగినా నా భార్య ఒకటే చెప్పేది. "బండి ఆగింది. పాపం, వాళ్ళకు గూడ మనుషులు లేకుండె. వాళ్ళు మాత్రం ఏం జేస్తరు?" నా అబద్ధాన్ని నమ్మి ఆమె ఆ కంపెనీని క్షమించింది. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి. అన్నం తినేవాణ్ణి, మిల్లుకు పోయేవాణ్ణి, నిద్ర కూడా పట్టేది. అదే ఇప్పుడు నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

మరుసటి ఏడాది రెన్యువల్‌కు ఏజెంటు మళ్ళీ ఫోన్ చేశాడు. తర్వాత చెబుతానని పెట్టేసి, చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆమె ముందు కూర్చుని అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"పెద్దది తీస్కుంటే ట్యాక్సీ ఇస్తుండిరా?"

"ఇస్తుండిరి."

"నాలుగ్గంటలకు అందుతుంటిమా?"

పదకొండున్నర నుంచి నాలుగు వరకు చాలా సమయం ఉంది. ఆ లెక్క నేను ఎన్నిసార్లు వేసుకున్నానో.

"అందుతుంటిమి."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. గిన్నె పక్కన పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, భివండికి ఫోన్ చేసింది. "ఆ దినం మనుషులు లేక కాదంట. మీ అన్న చెప్తడు, ఇను," అని ఫోన్ నా ముందు పెట్టి మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది.

"ఏందన్నా?" అంటోంది తమ్ముడి భార్య.

ఏజెంటు మాట నుంచి మొదలుపెట్టబోయాను. ఆగి, మెసేజి వచ్చిన సాయంత్రం నుంచి చెప్పాను.