సంపు దగ్గర నా డ్యూటీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే సుప్రభాతం కన్నా ముందు విజిల్ మోగేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, సరుకుల ఓడల మీద పనిచేసేవాడు. తొమ్మిది నెలలు సముద్రం మీద, మూడు నెలలు కూకట్‌పల్లిలో మా ఇంట్లో. దిగిన మర్నాటి నుంచే మా ఇల్లు ఓడైపోయేది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినపడితే చాలు, ఎక్కడి పని అక్కడ వదిలేసి వాకిట్లో వరసగా నిలబడాలి. ఓడలో అపాయం వస్తే అదే గుర్తట. బామ్మ జపమాలతో వచ్చేది, అమ్మ అట్లకాడతో వచ్చేది. నాన్న మాత్రం పేపరు దించేవాడు కాదు. "కూకట్‌పల్లి మునిగినప్పుడు పిలవవోయ్" అనేవాడు. ఆయన ప్రభుత్వ ఉద్యోగి, పిలవగానే లేవడం అలవాటు లేదు.

ఆ వేసవిలో సంపు కడగాల్సి వచ్చింది. వాకిట్లో నేల కింద నీళ్ళ తొట్టి, మనిషి పట్టేంత మూత, లోపలంతా చీకటి. ఎన్నాళ్ళుగానో మూసే ఉంది. నాన్న లుంగీ ఎగ్గట్టి, చీపురు పట్టుకుని దిగబోయాడు. మావయ్య పరుగున వచ్చి మూత మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. మూసిపెట్టిన తొట్టిలో గాలి చెడిపోయి ఉంటుందని, అది కంటికి కనపడదని, దిగినవాడు కేక కూడా వెయ్యలేడని చెప్పాడు. మూత తీసి, నీళ్ళు తోడించి, రోజంతా టేబుల్ ఫ్యాను లోపలికి తిప్పి పెట్టి, పక్కనే కాపలా కూర్చున్నాడు. "ఏం, సంపుకి ఉక్కపోస్తోందా?" అన్నాడు నాన్న. వీధి వీధంతా నవ్వింది.

మర్నాడు మావయ్య తానే దిగుతానన్నాడు. నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస జామచెట్టుకు ముడివేసి, పైన నన్ను నిలబెట్టాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తన విజిల్ తీసి నా మెడలో వేశాడు. "అమ్మడూ, నేను పలకకపోతే విజిల్ ఊదు, అందర్నీ పిలిచి తాడు లాగించు. నువ్వు దిగకు, ఇంకెవర్నీ దిగనివ్వకు. దేవుడొచ్చినా సరే!"

కాసేపు లోపల్నుంచి చీపురు చప్పుడూ మావయ్య కూనిరాగమూ వినిపించాయి. తర్వాత రెండూ ఆగిపోయాయి. మావయ్యా అని పిలిచాను. పలకలేదు. తొంగి చూస్తే అడుగున వెల్లకిలా పడి ఉన్నాడు. మావయ్య చచ్చిపోయాడనే అనుకున్నాను. దూకేద్దామని కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఏడుస్తూనే విజిల్ ఊదాను. ఏడుస్తూ ఊదితే విజిల్ కూడా వెక్కుతుందని ఆ రోజే తెలిసింది.

నాన్న పేపరు పడేసి పరుగెత్తుకొచ్చాడు. జన్మలో మొదటిసారి విజిలుకు లేచాడు పాపం. రావడం రావడం సంపులో కాలు పెట్టాడు. నేను రెండు చేతులతో లుంగీ పట్టుకున్నాను. "వదలవే, అక్కడ మీ మావయ్య పోతున్నాడే!" అని నెత్తిమీద ఒక్క మొట్టికాయ వేశాడు. కళ్ళు బైర్లు కమ్మాయి గానీ వదల్లేదు. ఆయన ముందుకు, నేను వెనక్కి. చివరికి లుంగీ నా చేతికొచ్చేసింది. అప్పటికే వీధి జనమంతా గేటు దగ్గరున్నారు. చారల నిక్కరుతో నాన్న కాలు వెనక్కి లాక్కుని అక్కడే చతికిలబడ్డాడు. పక్కింటి అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏందిది, తాడున్నది గద, గుంజుండ్రి!" అని అరిచింది. నలుగురూ తాడు మీద చెయ్యి వేసేలోగా లోపల్నుంచి మావయ్య గొంతు వినపడింది.

"శభాష్ అమ్మడూ! డ్రిల్లు అయిపోయింది. బావగారూ, మీరు పోయినట్టే లెక్క!"

బామ్మ ఆయన్ని ఉతికి ఆరేసింది. నాన్న సాయంత్రం దాకా మొహానికి అడ్డం పెట్టుకున్న పేపరు దించలేదు. మావయ్య అన్ని తిట్లూ పడి, చివరికి అరుగు మీద కూర్చుని చెప్పాడు. ఓడలో తొట్టి కడగడానికి దిగిన స్నేహితుడు పడిపోయాడట. కాపాడదామని ఇంకొకడు దిగాడట. ఇద్దరూ బతకలేదు. "మూడోవాణ్ణి నేను బావగారూ. నిచ్చెన మీద కాలు పెట్టేశాను. మా వంటాయన వెనకనుంచి చొక్కా పట్టుకున్నాడు. ఆయన్ని కొట్టాను కూడా. పెదవి చిట్లినా వదల్లేదండీ."

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. నా పక్కకొచ్చి కూర్చుని, పొద్దున మొట్టిన చోట చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. మర్నాడు విజిల్ మోగితే అందరికన్నా ముందు వాకిట్లో ఉన్నది ఆయనే, లుంగీ మీద బెల్టు పెట్టుకుని.

ఇప్పుడు నార్సింగిలో మా అపార్టుమెంటు వాళ్ళు నన్ను విజిల్ ఆంటీ అంటారు. అననీ, నాకేం! హైటెక్ సిటీలో పనిచేసే ఈ పిల్లలకు ఫైర్ డ్రిల్లంటే కిందికెళ్ళి టీ తాగి రావడం. మొన్న సంపు కడగడానికి వచ్చినతను ఫ్యాను పెట్టందే దిగనివ్వనంటే విసుక్కున్నాడు. "ఇరవై ఏండ్ల సంది దిగుతున్న, ఏం గాదమ్మా, జర జరుగు" అన్నాడు. జరగలేదు. మోకాళ్ళ నొప్పులున్నా సరే, మూత పక్కనే బాసింపట్టు వేసుక్కూర్చున్నాను. ఫ్యాను తెప్పించి పూటంతా ఆడించాకే అతని నడుముకు తాడు కట్టించి, రెండో కొస పక్క స్తంభానికి ముడివేయించాను.

దిగబోతూ అతను ఒక్క క్షణం ఆగి నావైపు చూశాడు. "అమ్మా, ఇడిసిపెట్టకు మల్ల" అన్నాడు.

మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆయన విజిల్ నా మెడలోనే ఉంది. తాడు రెండు చేతులా పట్టుకుని, వదలను దిగు నాయనా అన్నాను.