నెట్ తగిలిన బంతికి మాత్రమే

నా చిన్నప్పుడు సౌదీలోని ధహ్రాన్‌లో మేమున్న కంపెనీ ఇళ్ల కాంపౌండులో, మా పక్కింట్లో ఒక జర్మన్ ఆంటీ ఉండేవారు. ఆమె భర్త, మా నాన్న ఒకే కంపెనీలో పనిచేసేవారు. ఆమె ఒకప్పుడు వాళ్ల దేశం తరఫున టేబుల్ టెన్నిస్ ఆడారని మాకు చాలాకాలం తెలియదు.

బల్లకు దూరంగా నిలబడి, ఎంత బలంగా వచ్చిన బంతినైనా కిందికి కోసి తిప్పి పంపడం ఆమె ఆట. ఆ పద్ధతికి కాలం చెల్లిందని, కొట్టేవాళ్లే కావాలని ఆమెను జట్టులోంచి తీసేశారట. ఆమె ఆట మార్చుకోలేదు. సొంతూరి క్లబ్బుకు తిరిగి వెళ్లి, తన చోటు తీసుకున్న అమ్మాయిలను లీగ్ పోటీల్లో అదే ఆటతో ఓడించారు. ఈ సంగతి ఆమె వంట గురించి చెప్పినట్టు చెప్పేవారు.

సెలవుల్లో మధ్యాహ్నాలు రిక్రియేషన్ హాలు ఖాళీగా ఉండేది. అక్కడే నాకు ఆట నేర్పారు. అన్నిటికంటే ముందు నేర్పింది మర్యాద. బంతి నెట్‌కో బల్ల అంచుకో తగిలి మనకు పాయింటు వస్తే, అది అదృష్టం కాబట్టి, చెయ్యెత్తి సారీ చెప్పాలి.

బడి తెరిచాక నాకు సాయంత్రాలే మిగిలాయి. సాయంత్రాలు హాలు మగవాళ్లది. ఒకరోజు ఆంటీని వెంటబెట్టుకుని వెళ్లి, నాకూ కాసేపు బల్ల కావాలని అడిగితే, హాలు బాధ్యత చూసే హైదరాబాదు అంకుల్ నవ్వారు.

"నన్ను గెల్వు బేటా, రోజూ వచ్చి ఆడుకో. ఓడితే మాత్రం మల్ల అడగొద్దు."

"ఒద్దు బిడ్డా, పెద్దాయనతోని పోటీ ఏంది" అన్నాడు నాన్న. వాళ్లిద్దరూ స్నేహితులు.

"ఆడుతుంది" అన్నారు ఆంటీ.

ఆట మొదలైన కాసేపటికే నేను చాలా ముందున్నాను. "ఏంది భాయ్, పోరి చేతుల ఓడుతున్నవ్?" అని వెనక నుంచి ఎవరో ఎగతాళి చేశారు. అంకుల్ ముఖం ఎర్రబడింది. నాన్న నేల చూపులు చూశాడు. ఆ తర్వాత గెలిచిన ప్రతి పాయింటుకూ నేను చెయ్యెత్తసాగాను. చెయ్యి ఎత్తేకొద్దీ ఆట మెత్తబడింది. అంకుల్ పాయింట్లలో నన్ను అందుకున్నారు.

ఆంటీ లేచి వచ్చి, బంతిని చేతిలోకి తీసుకున్నారు. అందరికీ వినపడేలా, నిదానమైన ఇంగ్లీషులో అడిగారు.

"ఇందాకటి బంతి నెట్‌కు తగిలిందా?"

"లేదు."

"అంచుకు?"

"లేదు."

"మరి సారీ దేనికి? తగిలినప్పుడు తప్పకుండా చెప్పు. మిగతాది నీ ఆట."

బంతి నా చేతిలో పెట్టి వెళ్లి కూర్చున్నారు.

నేను ఆమెలాగే వెనక్కి జరిగి నిలబడ్డాను. అంకుల్ కొడుతున్నారు, నేను తిప్పి పంపుతున్నాను. చివర్లో ఒక బంతి నెట్‌ను రాసుకుని అవతల పడింది. చెయ్యెత్తి సారీ చెప్పాను. ఆఖరి పాయింటుకు మాత్రం చెయ్యి ఎత్తలేదు. హాలంతా నా వైపే చూస్తున్నా ఎత్తలేదు.

అంకుల్ తువాలుతో ముఖం తుడుచుకుని, "రేపు మగ్రిబ్ నమాజ్ అయినంక రా. లైట్లు నేనే ఏస్త" అన్నారు.

పోయిన నెల ఆంటీ చనిపోయారని ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు రియాద్‌లో, పాఠాలు చెప్పే బడిలో, స్టాఫ్‌రూములో ఉన్నాను. అందరి మధ్యా గట్టిగా ఏడ్చాను. పెద్దదానివి, పిల్లలు వింటారని ఎవరో అన్నారు. విననిమ్మన్నాను. సారీ చెప్పలేదు.