వెనక రేకు

పాలమూరులో బీరువా కొనడానికి వచ్చినవాళ్లు ముందుగా తలుపు మీద వేలి కణుపులతో కొట్టి చూస్తారు. బరువుగా మోగితే ముఖం విప్పారుతుంది, డొల్లగా మోగితే పక్క దుకాణానికి నడుస్తారు. వెనక్కి వెళ్లి వీపు మీద కొట్టి చూసిన మహానుభావుడు మాత్రం ఇంతవరకు పుట్టలేదు. గోడవైపు ఉండేదాన్ని ఎవరు చూడొచ్చారు? అందుకే ఇక్కడి కార్ఖానాల్లో తలుపులకు మందం రేకు, వెనక పలచటి రేకు వేయడం పాత పద్ధతి. దానికి తోడు తలుపుకు నిలువెత్తు అద్దం. రెండు తలుపులూ బార్లా తెరిస్తే బరువంతా ముందుకొస్తుంది. ఈ సంగతి బీరువాలు చేసే ప్రతివాడికీ తెలుసు. కొనేవాడికే తెలియదు.

చోటే మియాకూ తెలుసు. రైల్వే గేటు దాటాక ఒక రేకుల షెడ్డు, ఒక వెల్డింగు మిషను, ఇంట్లో భార్య అన్వరీ బేగం, ఇదీ ఆయన సంసారం. ఆయన తలుపు మోగినట్టు ఇంకెవరి తలుపూ మోగదని మక్తల్ దాకా పేరు. ఆ పేరంటే ప్రాణం పెట్టేవాడు. కొనడానికి వచ్చినవాళ్లు కొట్టి చూసి తల ఊపితే ఆ పూట అన్నం లేకపోయినా కడుపు నిండేది.

జిల్లాలు చీలిన ఏడాది ఎండాకాలంలో, మక్తల్ దగ్గరి రైతు సైదులు, మియా దగ్గరే కొన్న తన బీరువాను ట్రాలీ ఆటోలో వేసుకుని షెడ్డుకు వచ్చాడు. తలుపు వంకరపోయింది, జర సాపు చేయమన్నాడు. ఎట్లా వంగిందని మియా మాటవరసకు అడిగాడు. పడిందన్నాడు సైదులు. వంగిన తలుపు అంచు తడుముతూ, కూతురి మీద పడిందన్నాడు. పిల్ల పేరు వర్షిత, నాలుగేళ్లది. రెండు తలుపులూ తెరిచి, కింది అర మీద కాలు పెట్టి, పై అరలో ఉన్న తల్లి గాజులు అందుకోబోయిందట. దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం పోయిందట.

మియా సుత్తి కింద పెట్టాడు. ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు గల్లా పట్టుకుంటాడు అని చూశాడు. సైదులు ఆ రెండూ చేయలేదు.

"నీ బీరువా మంచిదే మియా. మా రాతే మంచిగ లేదు," అన్నాడు.

ఆ మాటే ఆయన్ను తినేసింది. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాడు, కొట్టి ఉంటే నొప్పి నాలుగు రోజుల్లో పోయేది. ఈ మాట పోలేదు. మియా తలుపు సాపు చేశాడు. రంగు వేయబోతే తలుపు లోపలివైపు, కింద, చిన్న పిల్ల చెయ్యి అందేంత ఎత్తులో బొట్టుబిళ్లలు వరసగా అంటించి ఉన్నాయి. రంగు వేయాలంటే వాటిని గీకేయాలి. ఆయనకు చెయ్యి రాలేదు. వాటి చుట్టూ రంగు పూసి, వెనక అదే పలచటి రేకుతో, బీరువాను మళ్లీ ఆ ఇంటికే పంపాడు. తప్పు మీద తప్పు.

అప్పటినుంచి మనిషి మనిషిలో లేడు. మధ్యాహ్నం ఎండకు షెడ్డులో రేకులు ఉబ్బి టప్పుమంటాయి. ఇరవై ఏళ్లుగా వింటున్న చప్పుడే. ఇప్పుడు అది వినపడగానే చేతిలోది పారేసి పరుగెత్తేవాడు, ఎవరో కింద పడ్డారని. కొత్త తలుపుకు అద్దం బిగిస్తే, అందులో తన మోకాళ్ల దగ్గర ఒక చిన్న తల కనిపించి పోయేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అద్దాలు బిగించడమే మానేశాడు. ఎవరింటికి దావతుకు పోయినా ముందు బీరువా ఎక్కడుందో చూసి, దాని ముందు పిల్లలు ఆడుతుంటే పళ్లెం ముట్టేవాడు కాదు. అన్వరీ బేగం దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. తాయెత్తు మెడలో ఉంది, పిల్ల అద్దంలో ఉంది.

పని మాత్రం మార్చాడు. వెనక మందం రేకు, ముందు తేలిక తలుపు, పైన గోడకు బోల్టుతో బిగించే ఇనుప పట్టీ. జనం వచ్చి తలుపు కొట్టి చూసి, మియా పని చెడిపోయిందని పక్కకు పోయారు. పాత బీరువాలకు పట్టీలు ఊరికే బిగిస్తానని డ్రిల్లింగు మిషను సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. నైరుతి మూల బీరువాను గోడకు ఆనించవద్దని వాస్తు చెప్పిందని ఒకరు, కిరాయి ఇంటి గోడకు తూటు పెడితే ఓనరు ఊరుకోడని ఒకరు, లక్ష్మి ఉండే బీరువాను దొంగను కట్టేసినట్టు కట్టేస్తారా అని ఇంకొకరు. నవ్వి చాయ్ పోసి పంపారు. ఇన్ని ఇళ్లు తిరిగినవాడు మక్తల్ బస్సు మాత్రం ఎక్కలేదు. బస్టాండు దాకా పోయి తిరిగొచ్చేవాడు.

ఏళ్లు గడిచాయి. బీరువాలకు, బల్లలకు ఐఎస్ఐ ముద్ర ఉండాలని కేంద్రం ఉత్తర్వు తెచ్చిందని బజారులో గోల లేచింది. అందరూ నెత్తి పట్టుకుంటే చోటే మియా ఒక్కడే సంబరపడ్డాడు. ఎవరో ఒక ఆఫీసరు వస్తాడు, తలుపులు తెరిచి ఊపి చూస్తాడు, పాతవన్నీ ఎందుకిట్లా చేశావని అడుగుతాడు. అడగాలి. ఆయనకు కావలసింది అదే. వారం తిరక్కుండానే పక్క దుకాణం దశరథం నవ్వుకుంటూ వచ్చి, చిన్న కార్ఖానాలకు అది వర్తించదట, ఫికర్ లేదన్నాడు. రాత మీదికి నెట్టి సైదులు వదిలేశాడు, ఇప్పుడు సర్కారూ వదిలేసింది. మియా ఆ పూట షెడ్డు మూసేసి కూర్చున్నాడు.

ఆ వారమే మక్తల్ నుంచి బిందెల బేరానికి వచ్చిన గుర్వయ్య ఒక కబురు చెప్పాడు. సైదులు భార్య రూపకు ఇన్నేళ్లకు కొడుకు పుట్టాడట. ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడుతున్నాడట. బీరువా మార్చారా అని మియా అడిగాడు. అదేనన్నాడు గుర్వయ్య. తెల్లారి మియా సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు.

సైదులు చేనికి పోయాడు. పట్టీ బిగించడానికి వచ్చానంటే అతని తల్లి కృష్ణమ్మ అరుగు మీదే ఆపింది. గోడకు తూటు పెట్టనిచ్చేది లేదు, పోయిన పిల్ల రాత అంతే, ఉన్నవాణ్ని దేవుడే చూసుకుంటాడంది. లోపల రూప కొడుకును చంకనెత్తుకుని నిలబడింది. బీరువా తాళం చెవి ఆమె కొంగుకు ముడేసి ఉంది. పిల్లాడు ఒంగి ఒంగి బీరువా పిడి కోసం చెయ్యి చాపుతున్నాడు. మియా ముసలమ్మను దాటుకుని లోపలికి నడిచాడు. వెనక రేకు పలచన, తలుపులు తెరిస్తే ముందుకు వస్తుంది, గోడకు బిగించకపోతే మళ్లీ పడుతుంది అని గబగబా చెప్పాడు.

రూప పిల్లాణ్ని బీరువాకు దూరంగా జరిపింది.

"గప్పుడు నీకు ఎర్క లేదా?"

లేదంటే సరిపోయేది. ముసలివాడు, పోనీలే అని ఊరుకునేది.

"ఎర్కే బిడ్డా. అమ్మిన్నాడే ఎర్కే. చేసేటోళ్లందరికీ ఎర్కే."

రూప కొంగు ముడిని పిడికిట్లో బిగించింది. ఆనాడు తాళం చెవి తలుపుకే మరిచి బట్టలు ఉతకబోయింది తనే. నువ్వు చెవి మరిచినందుకే పిల్ల పోయిందని అత్త అంది, మొగుడు అనకుండా అన్నాడు, తనకు తాను రోజూ అనుకుంది. మియాకు ఆ సంగతి తెలియదు. ఆమె వాకిలివైపు తిరిగి పిలిచింది.

"అత్తా, ఇటు రా. మియా, గా మాట ఇంకోసారి చెప్పు."

ఆయన మళ్లీ చెప్పాడు. ఈసారి నెమ్మదిగా, ఏ మాటా మింగకుండా. కృష్ణమ్మ గడప పట్టుకుని చతికిలబడింది.

"తూటు కొట్టు," అంది రూప. "కొట్టినంక మల్ల గీ ఇంటికి రాకు."

మియా పట్టీ బిగించాడు. రెండు తలుపులూ తెరిచి, కింది అర మీద తన కాలు పెట్టి, ఒంటి బరువంతా వేసి లాగాడు. కదల్లేదు. సంచి సర్దుకుని మంచినీళ్లయినా అడక్కుండా బయటికి నడిచాడు. వీధి మలుపు తిరుగుతుండగా లోపల రూప గొల్లుమంది. కాసేపటికి కృష్ణమ్మ గొంతు కూడా వినిపించింది, కోడలి పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తోంది.