సెల్సు లేని మైకు

ఎనిమిదో తరగతిలో నేను చదువు మానేశానని అందరూ అంటారు. నేను మానలేదు. మా లెక్కల మాస్టారే నాకు దణ్ణం పెట్టి, "నీ దారి నువ్వు చూసుకో నాయనా, నా ఉద్యోగం నన్ను చేసుకోనీ" అన్నారు. అలా పామర్రులో మైకు సెట్టు షాపులో చేరి, తర్వాత సొంత షాపు పెట్టుకున్నాను. పెళ్ళికీ చావుకీ ఎలక్షన్‌కీ గొంతు అద్దెకిస్తాను. నా సొంత గొంతు మాత్రం ఉచితం. అందుకేనేమో దాన్నెవరూ నమ్మరు.

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. అవి తెల్లచీరల్లో వస్తాయంటారు. మా ప్రార్థన మందిరానికి ఆదివారం వచ్చి చూడండి, ఆడవాళ్ళంతా తెల్లచీరలే. చిన్నప్పటి నుంచి వాళ్ళ మధ్య పెరిగినవాడు తెల్లచీరకి ఏం భయపడతాడు? ఇప్పుడు చెప్పేదాన్ని కూడా దెయ్యం కథ అనను. ఏమనాలో తెలియక రాస్తున్నాను.

బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగిన ఏడాది, మా సంఘం నుంచి సేవకు వెళ్ళాం. మా అయ్యగారు, అంటే పాస్టరు గారు, ఇంకొందరు విశ్వాసులు, లారీ నిండా సామాను. నాగాయలంక నుంచి సాంబయ్య అనే ఆయన తన పడవ వేసుకొచ్చాడు. ఆయన చర్చి మనిషి కాదు. పడవ కావాలన్నారు, తెచ్చాడు, అంతే.

నేను వెళ్ళింది పులిహోర పంచడానికే కాదు. మునిగిన కాలనీల్లో ఒకదాని వెనక సందులో మా సంఘం వాళ్ళదే చిన్న ప్రార్థన హాలు ఉంది. దాన్ని ఊడ్చి, తుడిచి, నడిపేది మార్తమ్మ గారు. భర్త పోయాడు, పిల్లలు లేరు. హాలు వెనక గదిలోనే ఉండేది. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. నా నోటికి జవాబు చెప్పగలిగిన మనిషి ఆవిడొక్కతే. ఒకసారి, "పరలోకంలో కూడా చీపురు పట్టుకుంటావా పెద్దమ్మా?" అన్నాను. "పట్టుకుంటాలేరా, నువ్వొస్తే గుమ్మంలోనే ఊడ్చెయ్యాలిగా" అంది.

నీళ్ళు వచ్చినప్పటి నుంచి ఆవిడ ఫోను మోగడం లేదు. అయ్యగారేమో హనుమాన్ జంక్షన్‌లో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయి ఉంటుందన్నారు. ఆ చెల్లెలు నాకు ఫోన్ చేసి, "అక్క రాలేదయ్యా, కాస్త చూడు" అని ఏడ్చింది.

ఇక్కడ మైకు సంగతి చెప్పాలి. మా సంఘంలో ఆడవాళ్ళు పాడొచ్చు, ఏడవొచ్చు, ప్రేమ విందుకి వంట చేయొచ్చు. మైకు మాత్రం పట్టుకోకూడదు. హాల్లో ఆడవాళ్ళ ప్రార్థన నడిపే మార్తమ్మ, ఒక మైకు ఇప్పించమని అయ్యగారిని ఏళ్ళ తరబడి అడిగింది. చివరికి మా కార్డ్‌లెస్ సెట్టులో ఉన్న రెండు మైకుల్లో పాతది ఇచ్చెయ్యమన్నారు. ఇచ్చేముందు నన్ను పక్కకి పిలిచి, "లోపలి బ్యాటరీ సెల్సు తీసేసి ఇవ్వు" అన్నారు.

ఆవిడ దగ్గర నేనేం దాచలేదు. సెల్సు లేవని చెప్పాను. సెల్సు వేసుకున్నా, దాని గొంతు అందుకునే పెట్టె మా దగ్గరే ఉంటుందనీ, ఆ పెట్టె దగ్గర్లో లేకపోతే మైకు పలకదనీ చెప్పాను. ఆవిడ నవ్వింది.

"పలక్కపోతే పోనీరా. చేతిలో ఉంటే ఆడాళ్ళు కాస్త మాట వింటారు."

ఆ మూగ మైకు పట్టుకునే ప్రార్థన నడిపేది. నేను కళ్ళారా చూశాను.

మొదటి రోజు మధ్యాహ్నానికి ఆ కాలనీ పెద్ద రోడ్డు మీదికి పడవ చేరింది. పడవకి బ్యానరు కట్టారు. మైకుల గొంతు అందుకునే ఆ పెట్టె, స్పీకరు, బ్యాటరీ కూడా పడవలోనే. మేడల మీది జనం బకెట్లకు తాళ్ళు కట్టి దించి, ఎదురుచూస్తున్నారు. అయ్యగారు మైకు అందుకుని ప్రార్థన మొదలుపెట్టారు. వీడియో తీస్తున్నాయన బ్యానరు సరిగా పడలేదన్నాడు. పడవ తిప్పించి మళ్ళీ మొదటి నుంచి చేశారు.

పైనుంచి ఒకావిడ అరిచింది. "అయ్యగారండీ, పొద్దుట్నుంచీ పిల్లాడి నోట్లో ఏమీ పడలేదండీ. ముందు పొట్లాలు వెయ్యండి, కళ్ళు తర్వాత మూస్తాం!"

అయ్యగారు కళ్ళు తెరవలేదు. అంత భక్తి.

చివరికి ఆమేన్ అన్నారు. వెంటనే స్పీకరులోంచి ఒక ఆడగొంతు "ఆమేన్" అంది. కాస్త ఆగి మళ్ళీ, సాగదీస్తూ, "ఆ...మేన్".

అది మార్తమ్మ అలవాటు. ఒకటి అందరితో పాటు, రెండోది తన కోసం.

పెట్టె వైపు చూశాను. దాని మీద రెండు ఎర్ర దీపాలుంటాయి, ఏ మైకు పలికితే ఆ దీపం వెలుగుతుంది. రెండో దీపం, మార్తమ్మకిచ్చిన మైకుది, వెలుగుతోంది.

నాకు భయం వెయ్యలేదు. సంతోషం ఆగలేదు. పెద్దమ్మ ఎక్కడో సెల్సు సంపాదించి వేసుకుంది, హాలు ఈ సందు చివరే, మా పెట్టె దగ్గరికి రాగానే పలికింది అనుకున్నాను. లెక్కలు రానివాడికి కూడా కుదిరే లెక్క.

"అయ్యగారూ, పెద్దమ్మ బతికే ఉందండీ! రెండో మైకులో మాట్లాడుతోంది!"

"నీ వేళాకోళానికి వేళాపాళా లేదా?"

"ఒట్టండీ."

"ఒట్టు పెట్టకూడదని వాక్యం."

ఆ గొంతు పడవలో ఉన్న అందరికీ వినిపించింది. కానీ అది నేనే చేశానన్నారు. ఎందుకంటే యూత్ మీటింగుల్లో మార్తమ్మ ఆమేన్‌ని అనుకరించి అందరినీ నవ్వించేది నేనే. ఆవిడ ముందే చేసేవాణ్ణి. "రెండోది ఇంకా సాగాలిరా" అని దిద్దేది కూడా.

సాంబయ్య మాత్రం తెడ్డు ఎత్తాడు. "సందులోకి నేను తోస్తానండీ, పోయి చూసొద్దాం."

అయ్యగారు ఒప్పుకోలేదు. సాయం పంపిన పెద్దలు గన్నవరంలో విమానం దిగారట. వాళ్ళొచ్చేసరికి మనం పంచుతూ కనబడాలట. రేపు చూద్దామన్నారు. నేను నీళ్ళలోకి దిగిపోయాను. నాకు ఈత రాదు. నాలుగడుగులు వేసేసరికి కాళ్ళ కింద నేల పోయింది. సాంబయ్య చొక్కా పట్టి లాగాడు. పెద్దలు వచ్చారు. ఫొటోలు దిగారు. వాటిలో తడిసి ముద్దయిన నేను కూడా ఉన్నాను, సేవలో మునిగిపోయినవాడిలా.

మర్నాడు తెల్లవారగానే సాంబయ్యా నేనూ ఎవరికీ చెప్పకుండా వెళ్ళాం. నీళ్ళు కొంత తీశాయి. హాలు తలుపు బిగుసుకుపోతే కిటికీ చువ్వలు వంచి లోపలికి దిగాం.

మార్తమ్మ బల్లల మధ్య ఉంది. అంతకంటే వర్ణించను. చూడగానే తెలిసింది, అది నిన్నటి చావు కాదు. నీళ్ళు ఎక్కిన రాత్రి ఒక్కసారి కేక వినబడిందనీ, ఆ తర్వాత ఏ అలికిడీ లేదనీ ఎదురు మేడ వాళ్ళు చెప్పారు.

మైకు ఆవిడ తెల్లచీర కొంగుకి గట్టిగా ముడేసి ఉంది. విప్పి, మూత తిప్పాను. బురద నీళ్ళు కారాయి. లోపల సెల్సు లేవు.

అప్పుడు భయం వేసింది.

నేను ఆలోచించని కారణం లేదు. వేరే బృందం వాళ్ళ మైకు మా పెట్టెలో పడిందేమో అనుకున్నాను. పడొచ్చు, నా వృత్తిలో చాలాసార్లు చూశాను. కానీ ఆ ఆమేన్ ఇంకెవరిది? వీడియో చూద్దామంటే, నా గొడవ పడిందని ఆ ముక్క కోసేశారు.

సంగతి తెలిసి అయ్యగారు నా భుజం తట్టారు. "చూశావా, నిన్న వెళ్ళినా ఏం లాభం ఉండేది?" నిజమే, లాభం లేదు. కానీ నిన్న ఆయనకి ఆ సంగతి తెలియదు.

ఆవిడ జ్ఞాపకార్థ కూడికలో అయ్యగారు మైకులో సాక్ష్యం చెప్పారు. మన ప్రార్థనకి మార్తమ్మ పరలోకం నుంచి ఆమేన్ పలికిందన్నారు. ముందు నా వేళాకోళం అన్నది, పెద్దల ముందు అద్భుతమైపోయింది. పెద్దలు కళ్ళు తుడుచుకున్నారు. సౌండు నేనే చూసుకున్నాను.

తర్వాత ఆ మైకు పట్టుకుని హనుమాన్ జంక్షన్ వెళ్ళి, మార్తమ్మ చెల్లెలి చేతిలో పెట్టాను. జరిగిందంతా చెప్పాను. ఆమేన్, ఎర్ర దీపం, బురద నీళ్ళు, అయ్యగారు సెల్సు తీయించడం, అన్నీ.

"సెల్సు లేకుండా ఆ రోజు ఎలా పలికిందో, నాకు ఇప్పటికీ అర్థం కావట్లేదు పిన్నీ" అన్నాను.

ఆవిడ మైకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కొంగుతో తుడిచింది.

"బతికున్నన్నాళ్ళూ మా అక్కకి ఆ రెండు సెల్సు ఎందుకు ఇవ్వలేదో నాకూ అర్థం కావట్లేదు నాయనా. ముందు నాదానికి జవాబు చెప్పు. నీదానికి తర్వాత వెతుకుదాం."