రేకుల గదికి లాగిన తీగ

మల్కాపురంలో ఇరవై రెండేళ్లుగా ఇళ్లకు తీగలు లాగుతున్నవాడు ఎల్లాజీ. మొదట టీవీ కేబుల్, తర్వాత ఇంటర్నెట్. సొంతూరు పద్మనాభం అవతల. ఏ డాబా మీద నుంచి ఏ డాబాకు కాలు వేయవచ్చో, ఏ ఇంటి కుక్క మీదికొస్తుందో అతనికి తెలుసు. ఆ పేటలో ఇనుము ఎంతకాలం నిలుస్తుందో కూడా తెలుసు. ఒకవైపు ఉప్పుగాలి, ఇంకోవైపు రిఫైనరీ పొగ. కొత్త మేకు రెండు వానలకే తుప్పుపట్టి పెచ్చులూడుతుంది.

జూలైలో ఉమాశంకర్ కబురు పెట్టాడు. పోర్టులో క్రేన్ నడుపుతాడు, ఎల్లాజీకి పాత స్నేహితుడు; ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. అతని భార్య మధులత ఇంటి నుంచే ఒక కంపెనీకి ఫోన్లు మాట్లాడే ఉద్యోగం చేస్తుంది. రూటరేమో ముందుగదిలో ఉంది. ఆమె కూర్చునేది పెరటి చివర రేకుల గదిలో. మధ్యలో రెండు మందపాటి గోడలు.

"వైఫై మాటెత్తకన్నయ్యా," అంది మధులత. "మాట మధ్యలో పోతంది. ఇప్పటికి రెండుసార్లు వార్నింగిచ్చినారు. మూడోసారైతే తీసేత్తారు. కేబులే లాగెయ్."

ఎల్లాజీ డాబా ఎక్కి చూశాడు. రేకుల గదికి దగ్గరి దారి ఒకటే. వీధి స్తంభం నుంచి ఇంటికి కరెంటు తెచ్చే సర్వీసు వైరు అదే దారిలో, జానెడు పక్కన పోతోంది. దాని తొడుగు అక్కడక్కడా నెర్రెలు విచ్చింది.

"ఇటేపు వద్దు బావా," అన్నాడు కిందికి దిగి. "గోడ వారంట పైపేసి సుట్టూ తిప్పి లాగుదాం. లేదంటే ఆ కొసనో డబ్బా, ఈ కొసనో డబ్బా ఎదురెదురుగా పెట్టి వైఫైయే గట్టిగా అందేలా సేత్తాను. రెండ్రోజులాగు, సామాను తెత్తాను."

"రెండ్రోజులేటి? రేపు తొమ్మిదికి నా షిఫ్టు," అంది మధులత.

ఎల్లాజీ కాదనలేక ఆ దగ్గరి దారికే ఒప్పుకున్నాడు. అంత పొడవు కేబుల్ సాగిపోకుండా స్టీలు తీగ కలిసి ఉన్న రకం తీసుకున్నాడు. ఆ తీగ ఒక కొసను పిట్టగోడ కొక్కేనికి, రెండో కొసను రేకుల గది కిటికీ ఊచలకు బిగించాడు. అరగంటలో పనైపోయింది.

"ఆదివారమొచ్చి మారుత్తాను," అన్నాడు.

ఆ ఆదివారం వేరే పని పడింది. తర్వాతి ఆదివారమూ అంతే. మధులత ఫోన్లు ఒక్కసారి కూడా తెగలేదు. బాగుందని ఉమాశంకర్ పదిమందికి చెప్పాడు. ఎల్లాజీకి మాత్రం గాలి వీచినప్పుడల్లా చేతిలో పని ఆగిపోయేది.

ఆగస్టులో అల్పపీడనం పట్టి మూడు రోజులు ఈదురుగాలి, వాన. నాలుగో రోజు పొద్దున తెరిపివ్వగానే ఎల్లాజీ ఆ ఇంటికి వెళ్లాడు. పెరట్లో ఉమాశంకర్ తల్లి చిట్టెమ్మ అరచెయ్యి రుద్దుకుంటూ కూర్చుంది.

"ఒరే ఎల్లాజీ, ఆ కిటికీ పట్టుకుంటే సెయ్యి జివ్వుమంటందిరా. తిమ్మిరేమోనని కొబ్బరినూనె రాసినాను."

"ఎప్పట్నుంచి అత్తా?"

"నిన్న సాయంత్రం నించి."

ఎల్లాజీ అటు పరుగెత్తాడు. రేకుల గదిలో మధులత హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతోంది. వట్టి కాళ్లు. గచ్చు మీద వాననీళ్లు. మాట్లాడుతూనే తడి తువ్వాలు ఊచల మీద ఆరేయడానికి లేచింది.

"మధూ! ముట్టుకోకు!"

ఆమె చెయ్యి గాల్లో ఆగింది. ఎల్లాజీ టెస్టరు తీసి ఊచకు ఆనించాడు. ఎర్రగా వెలిగింది.

"మంచమ్మీదికెక్కు. కాళ్లు పైన పెట్టుకో. తలుపు కూడా ముట్టుకోకు, అదీ ఇనుమే."

మెయిన్ స్విచ్ కట్టేసినా టెస్టరు వెలుగుతూనే ఉంది. కరెంటు వస్తున్నది ఇంట్లోంచి కాదు. స్తంభం దగ్గర ఫ్యూజు తీస్తే తప్ప ఆగదు. లైన్‌మన్ సన్యాసిరాజుకు ఫోన్ చేశాడు. అతను రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ మధులత చెక్కమంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆమె హెడ్‌ఫోన్‌లో ఎవరో "హలో, వింటున్నారా?" అని అడుగుతూనే ఉన్నారు. లైను చక్కగా పనిచేస్తోంది.

ఫ్యూజు తీశాక ఇద్దరూ డాబా ఎక్కారు. గాలికి ఒరిపిడై సర్వీసు వైరు తొడుగు ఊడిపోయింది. లోపలి తీగ స్టీలు తీగ మీద ఆని ఉంది. ఆనిన చోట నల్లగా కమిలిపోయింది.

"ఎవుడు కట్టినాడిది?" అన్నాడు సన్యాసిరాజు.

"నానే."

ఎల్లాజీ కత్తిరించిన కేబుల్ చుట్ట చుట్టి కిందికి దించాడు. షిఫ్టు నుంచి వచ్చిన ఉమాశంకర్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఉమాశంకర్ కోప్పడలేదు. తల్లి అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆ రోజు అతని నోట బావా అన్న మాట రాలేదు.

మర్నాడే ఎల్లాజీ ఎదురెదురుగా రెండు డబ్బాలు బిగించాడు. వాన గట్టిగా పడితే మాట తెగుతుంది. "తెగితే తెగనీ," అంటోంది మధులత.

అలాంటి స్టీలు తీగలు తను ఎన్ని ఇళ్లకు కట్టాడో ఎల్లాజీ ఎక్కడా రాసుకోలేదు. వీధి వీధి తిరిగి చూడటం మొదలుపెట్టాడు. నెల రోజుల్లో పదకొండు విప్పాడు. వాటిలో మూడింటి పక్కన సర్వీసు వైరు ఒరిపిడి మొదలైంది. కొన్ని ఇళ్లు చేతులు మారాయి, కొన్నిటికి తాళాలు. కొన్ని అతనికి గుర్తే రావడం లేదు.

అక్టోబరులో తుఫాను హెచ్చరిక వచ్చి, పోర్టులో ప్రమాద సూచిక ఎగరేసిన రోజుకి అతను చూడాల్సిన వీధులు ఇంకా నాలుగు మిగిలే ఉన్నాయి.