గార్డు పెట్టెలకు నేను చెప్పిన తీర్పు

ఆ రోజుల్లో నాకు భయం లేని విషయమంటూ ఒక్కటీ ఉండేది కాదు. విశ్వాసం ఉన్నవాళ్లకు భయం ఉండకూడదని సండేస్కూలు పిల్లలకు నేనే చెప్పేదాన్ని. చెప్పి ఇంటికొచ్చి తలుపు గడియ మూడుసార్లు చూసుకునేదాన్ని. అప్పుడు ఐర్లండ్‌లోని కార్క్‌లో ఎమ్మెస్సీ చదువుతూ, ఊరి శివారు బాలింకాలిగ్‌లో మరో ముగ్గురమ్మాయిలతో ఒక ఇంట్లో ఉండేదాన్ని. ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు సంఘం అక్కడి పాత హాల్లో కూడుకునేది. మేమంతా కలిపి ముప్పైమందిమి. ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ అంకుల్ వాక్యం చెప్పేవారు. వరంగల్ నుంచి వచ్చిన ఒక అన్న డోలక్ వాయించేవాడు. (వాయించేవాడు అనడం మర్యాద కోసం. నిజానికి బాదేవాడు.) హాలు తాళాలు డెబ్బై దాటిన ఒక ఐరిష్ పెద్దాయన దగ్గర ఉండేవి కాబట్టి ఆయన మాకు తాళాల తాతగారయ్యారు.

శనివారాలు అదే హాల్లో తాతగారూ ఆయన స్నేహితులూ చిన్న రైళ్లు నడిపేవాళ్లు. బొమ్మ రైళ్లని మొదటిసారి నోరు జారితే, అవి బొమ్మలు కావు, నమూనాలు అని నన్ను సరిదిద్దారు. అసలు రైల్లో ఎన్ని మేకులుంటే వాళ్ల అరచేతిలో పట్టే పెట్టెలోనూ అన్ని మేకులుండాలి. ఒక శనివారం తాళాల కోసం వెళ్తే తాతగారు టీ పోసి, మీ నాన్న ఏం చేసేవారని అడిగారు. బిట్రగుంటలో గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యారని చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టేశారు. "అయితే బండి చివర గార్డు కూర్చునే ఆ పెట్టె, గార్డు పెట్టె, లోపలా బయటా నీకు బాగా తెలిసి ఉండాలి" అన్నారు. పెద్దవాళ్లు అంత సంతోషంగా అడిగితే లేదనడం మా ఇంట్లో అలవాటు లేదు. తెలుసన్నాను. (నేను ఏనాడూ గార్డు పెట్టె ఎక్కలేదు. ఎక్కనివ్వరు. ప్లాట్‌ఫారం చివర నిలబడి నాన్నకు క్యారేజీ అందించడం వరకే నా అనుభవం.)

ఆ ఒక్క మాటతో నేను జడ్జినైపోయాను. వచ్చే శనివారం వాళ్ల ప్రదర్శన. అందులో గార్డు పెట్టెల పోటీ. ఎవరి పెట్టె అసలుదానికి దగ్గరగా ఉందో బయటివాళ్లే చెప్పాలట, ఎందుకంటే కిందటేడు గోధుమరంగు విషయంలో తేడా వచ్చి ఇద్దరు సభ్యులు మాట్లాడుకోవడం మానేశారు. పెట్టెలకు పేర్లుండవు, నంబర్లే ఉంటాయి, ఎవరిది ఏదో నీకు తెలియదు కాబట్టి ఇబ్బంది లేదు అన్నారు తాతగారు. అని, ఉత్సాహం ఆగక, గిన్నెలు తుడిచే గుడ్డలో చుట్టి పెట్టుకున్న తన పెట్టెను విప్పి చూపించారు.

మామూలు రోజుల్లోనైతే ఇదంతా నవ్వుకునే విషయమే. కానీ ఆ వారమే డోలక్ మోత భరించలేకపోతున్నామని హాలు పక్కింటివాళ్లు హాలు కమిటీకి ఉత్తరం రాశారు. ప్రదర్శన శనివారం, కమిటీ సోమవారం. కమిటీలో తాతగారి మాటే చెల్లుతుంది. ఆయన పెట్టెను నేను ఓడిస్తే మా సంఘానికి తలదాచుకునే చోటు పోతుంది. కావాలని గెలిపిస్తే అది దొంగతీర్పు. డాక్టర్ అంకుల్‌కు చెప్పుకుంటే ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, "హాలు దేవుడిదమ్మా. తాళాలు మాత్రం ఆయనవి. రెండూ గుర్తుపెట్టుకో" అన్నారు. నాకు ధైర్యం రాలేదు.

డోలక్ అన్నకు మాత్రం ఏ సందేహమూ లేదు. "గింత ఆలోచనెందుకు చెల్లె? తాతది ఏదో నీకెర్కనే గద. దానికే ఫస్టియ్యి."

"అది పక్షపాతం కదా అన్నా."

"మంచిగున్నది. మరి పై ఆదివారం ఎక్కడ పాడాలె, మీ కిచెన్లనా?"

ఇంటికి ఫోన్ చేసి, గార్డు పెట్టెలో ఏమేముంటాయి నాన్నా అని అడిగాను. "ఏముంటాయమ్మా, ఏమీ ఉండవు" అన్నారు. "ఫ్యానుండదు, లైటుండదు, బాత్రూముండదు. ఒక బల్ల, బ్రేకు చక్రం, నా ఇనప్పెట్టె. అంతే. వెనక దీపం మాత్రం ఉండాల. అది లేకపోతే బండి నడిమధ్యన తెగి సగం వెనకాలే నిలబడిపోయిందని లెక్క. ముందు స్టేషన్లో వాళ్లు చూసేది ఇంజన్ని గాదు, నా దీపాన్ని. ఇంతకీ ఏంది, నీ చదువులో ఇవి గూడా అడుగుతారా?" నేను అవునన్నాను. ఆ వారంలో అది నా రెండో అబద్ధం.

శనివారం హాల్లో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద మూడు గార్డు పెట్టెలు, పక్కన అసలు పెట్టెల ఫోటోలు, ఒక భూతద్దం, ఒక స్కేలు. చుట్టూ పదిహేనుమంది పెద్దవాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. మూడో నంబరు తాతగారిది. ఆయన దానివైపు చూడకుండా ఉండటానికి పైకప్పును చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పి తెలివి నిరూపించుకోవాలని, "మూడింటికీ ఈ పొగగొట్టం తప్పు. గార్డు పెట్టెలో వంట చెయ్యరు" అన్నాను. ఒకాయన ఒక ఫోటో నెమ్మదిగా నా ముందుకు జరిపాడు. అందులో అసలు పెట్టె మీద అసలు పొగగొట్టం ఉంది. "అది కుంపటి, గర్ల్. జనవరిలో అది లేకపోతే మాలో స్టేషన్ చేరేలోపు మనిషి గడ్డకట్టిపోతాడు" అన్నాడు దయగా. (బిట్రగుంటలో చలికి చచ్చిన గార్డు ఇంతవరకూ లేడు. నాకెలా తెలుస్తుంది?) ఒక్క నిమిషమని చెప్పి బాత్రూములోకి వెళ్లి, అక్కడే నిలబడి ప్రార్థన చేసుకుని వచ్చాను.

మళ్లీ భూతద్దం పట్టుకున్నాను. మూడో నంబరు అద్భుతంగా ఉంది. మెట్లు, మేకులు, చెక్కల మీద సుద్దముక్క గీతలు కూడా ఫోటోలో ఉన్నట్టే ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది, న్యాయంగానే గెలిపించవచ్చనుకున్నాను. అప్పుడు వెనక్కి తిప్పి చూశాను. మొదటి రెండింటికీ వెనక చిన్న ఎర్రదీపం ఉంది. మూడోదానికి లేదు. కాగితం మీద మూడు రాసి కొట్టేశాను. మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేశాను. నాన్న ఇరవై తొమ్మిదేళ్లు కాపలా కాసిన దీపం అది.

"పనితనంలో మూడోది అన్నిటికంటే మేలు" అన్నాను. "కానీ దీనికి చివరి దీపం లేదు. మా నాన్న అయితే ఈ బండిని కదలనివ్వరు. ఒకటో నంబరుకు మొదటి బహుమతి."

తాతగారు కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకుని, తన పెట్టెను చాలాసేపు చూశారు. "గ్రాండ్" అన్నారు. అంతే. (ఐర్లండ్‌లో గ్రాండ్ అనే మాటకు పది అర్థాలున్నాయి. అది వాటిలో ఏదో పోల్చుకునేంత కాలం నేనింకా అక్కడ ఉండలేదు.) ఆ సాయంత్రం మా ఇంటి కిచెన్‌లో ముప్పై కుర్చీలు పడతాయా అని స్కేలుతో కొలిచాను. పదకొండు పడతాయి, పొయ్యి తీసేస్తే.

ఆదివారం తాతగారే వచ్చి హాలు తలుపు తీశారు. నన్ను పక్కకు పిలిచి అరచెయ్యి చాపారు. అందులో ఆవగింజంత ఎర్రదీపం. పెట్టెను చుట్టిన ఆ గిన్నెల గుడ్డ మడతలోనే ఊడిపడి ఉందట, తెల్లారితే వాషింగ్ మెషీన్లో పడేదట. "నలభై ఏళ్లుగా ఇవి చేస్తున్నాను, నా బండికి చివరి దీపం లేదని ఎవరూ నా మొహం మీద అనలేదు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "రేపు కమిటీలో మీ గురించి చెప్పాల్సింది నేను. ఇవాళ పాటలప్పుడు నువ్వెళ్లి పక్కింటి గేటు దగ్గర నిలబడి విను. నువ్వేం చెప్తే అదే కమిటీకి చెప్తాను" అన్నారు.

వానలో గొడుగు పట్టుకుని నిలబడ్డాను. లోపల పాట మొదలైంది. పాట వినపడలేదు. మూసిన తలుపుల్లోంచి డోలక్ మాత్రం గూడ్సు బండి వంతెన దాటుతున్నట్టు వచ్చింది. పక్కింటి కిటికీలో ఒకావిడ పసిబిడ్డను భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తోంది. మామీద ఉత్తరం రాసినవాళ్లకు మొహాలుంటాయని అప్పటిదాకా నాకు తోచలేదు. లోపలికి వెళ్లి, "మోత ఎక్కువగానే ఉందండి" అన్నాను. తాతగారు తలూపారు.

హాలు మాకే దక్కింది, రెండు షరతుల మీద. డోలక్ మీద దుప్పటి కప్పాలి. పాటలప్పుడు మాలో ఒకరు బయట నిలబడి మోత ఎంతుందో చూడాలి. ఆ ఒకరెవరో వేరే చెప్పనక్కర్లేదు. డోలక్ అన్న నెలరోజులు నాతో సరిగా మాట్లాడలేదు. "జ్వరమొచ్చినోనికి కప్పినట్టు కప్పిచ్చినవ్ గద చెల్లె" అనేవాడు. ఆ ఏడాదంతా నేను సంఘం పాటలు రోడ్డు మీద నుంచే విన్నాను. కిటికీలో ఆవిడ మూడోవారం చెయ్యి ఊపింది. ఐదోవారం టీ ఇచ్చింది.

ఇప్పుడు డబ్లిన్‌లో ఉంటున్నాను, లెపర్డ్స్‌టౌన్‌లో ఉద్యోగం. కార్క్ వదిలేటప్పుడు తాతగారు ఆ మూడో నంబరు పెట్టెను అదే గుడ్డలో చుట్టి ఇచ్చారు. అది మా టీవీ పక్కన ఉంటుంది. దీపం ఇప్పటికీ ఊడుతూనే ఉంటుంది. "మామ్, ద లైట్స్ గాన్ అగైన్" అంటుంది మా అమ్మాయి ఐరిష్ యాసలో. నేను మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకు ఆనించి, సోఫా కింద వెతుకుతాను. దొరికేదాకా, వానలో గొడుగు కింద వణుకుతూ నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తుంది. పాపం, అంత భయపడాల్సింది కాదు అనుకుంటాను. ఈలోగా ఎవరైనా వచ్చి చూస్తే ప్రార్థనలో ఉన్నాననుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోతారు. అదీ పూర్తిగా అబద్ధం కాదు.