శూన్యం మాస్టారు

మా నాన్న బడిలో ఫిజిక్సు చెప్పేవారు. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు శూన్యం మాస్టారు. ఆ పేరు నా వల్లే వచ్చిందని చెప్పుకోవడం నాకిప్పటికీ సరదా.

ఆ రోజు మా క్లాసులో పాఠం ‘పని’. నాన్న తలుపు తెరిచి మూశారు. డస్టరును బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి నెట్టారు. బలం వేస్తే చాలదు, వస్తువు కదలాలి, కదిలితేనే పని అని బోర్డు మీద సూత్రం రాశారు. ఆయన రాత అచ్చుగుద్దినట్టు ఉండేది. ఇంకో ఉదాహరణ చెప్పమంటే నేను ఉత్సాహంగా లేచాను. అప్పుడు మా చెల్లికి జ్వరం. పడుకోబెడితే ఏడుస్తుందని అమ్మ దాన్ని భుజాన వేసుకుని కిటికీ దగ్గరే నిలబడి ఉండేది.

"మా అమ్మ చెల్లిని ఎత్తుకుని నిలబడటం సార్" అన్నాను.

"పాప కదిలిందా?"

"లేదు సార్, నిద్రపోయింది."

"అయితే చేసిన పని శూన్యం. కూర్చో."

క్లాసంతా గొల్లుమంది. నా కడుపులో మాట దాగదు. నాన్న ఇంకా గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే సంగతంతా అమ్మ చెవిన వేసేశాను.

"శూన్యమా?" అంది అమ్మ. చెల్లి ఇంకా భుజం మీదే ఉంది. "పొద్దుట్నుంచి దీన్ని వేసుకుని అటూ ఇటూ తిరిగాను కదండీ?"

"తిరిగావు. కానీ పిల్లని మోసే బలం పైకి, నీ నడక పక్కకి. బలం వేసిన వైపే కదలాలి. అదీ శూన్యమే" అన్నారు నాన్న.

వేళాకోళం కాదు. సూత్రం దగ్గర మొహమాటపడే మనిషి కాదాయన. అమ్మ ఆ పూట స్టవ్ వెలిగించలేదు. గిన్నెలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఏదీ కదల్లేదు, లెక్క సరిపోయింది అంది. నాన్నే వండి, అన్నం మాడబెట్టి, నోరెత్తకుండా తిన్నారు. మేమూ తిన్నాం.

ఆ తర్వాత పక్కింటి పిన్ని "ఏం చేస్తున్నావక్కా?" అంటే "శూన్యం చేస్తున్నాను" అనేది అమ్మ. అందరం పగలబడి నవ్వేవాళ్ళం. నాన్న చొక్కా జేబుకి అంటిన సుద్దపొడి, వంటింట్లో గిన్నెల చప్పుడు, ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పుడు ఎంత బెంగగా ఉంటుందో. కానీ అమ్మ ఒక్కోసారి నవ్వు ఆపేసి నాన్న వైపు చూసేది. ‘అది పనే’ అని ఆయన నోటి నుంచి ఒక్కసారి రావాలని ఆమె కోరిక. ఏళ్ళు గడిచినా ఆయన అనలేదు. నాకు ఒళ్ళు మండేది. పనీపాటా లేనివాళ్ళని రోజూ తిట్టుకునే మన ఇళ్ళలో, అంత చాకిరీ చేసిన మనిషికి ఆ చిన్న మాట దక్కలేదు.

నాన్న రిటైరయ్యాక అమ్మ మోకాలికి ఆపరేషన్ అయింది. నడవకపోతే కాలు బిగుసుకుపోతుంది, ఇక మంచమే దిక్కు అని డాక్టరు గట్టిగా చెప్పారు. నిలబడటం వరకూ బాగానే ఉంది. అడుగు వేయాలంటేనే అమ్మకి హడల్. కిటికీ ఊచ వదిలేది కాదు. నాన్న రెండు చేతులతో ఆమెని పట్టుకుని, రోజూ అలా నిలబడేవారు.

ఒక మధ్యాహ్నం నేనూ చెల్లీ గుమ్మంలోంచి చూస్తున్నాం.

"వదిలేయండి. చేతులు వణుకుతున్నాయి మీకు. ఆ చెమటలు చూడండి" అంది అమ్మ.

"పట్టనీ. ఏదీ కదలట్లేదుగా, చేసిన పని శూ..."

నాన్న తన చేతుల వైపు చూసుకున్నారు. గుమ్మంలో ఉన్న చెల్లి వైపు చూశారు. అదే కిటికీ. ఆయన కళ్ళు తడిశాయి.

అమ్మ ఊచ వదిలి, ఆయన మోచేయి గట్టిగా పట్టుకుని, మెల్లగా ఒక అడుగు వేసింది.

"కదిలాను. ఇప్పుడు పని జరిగిందా మాస్టారూ?"

"అప్పుడూ జరిగింది" అన్నారు నాన్న.